ఒకే వీడియో గేమ్‌కు ఒక్కో చోట ఒక్కో వయసు రేటింగ్ ఎందుకు? వాటిని ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?

ప్రశ్న – నీలిమేఘం

మా అబ్బాయికి పదేళ్లు. వాడు ఏ గేమ్ అడిగినా, కొనే ముందు దాని వయసు రేటింగ్ చూసి నిర్ణయించాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. నియమం సులువుగానే ఉంది కానీ, పాటించడం మొదలుపెట్టాక ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలో తెలియడం లేదు. మైన్‌క్రాఫ్ట్‌కు ఐరోపాలో 7 అని ఉంటే, అమెరికాలో పదేళ్లు, ఆ పైబడినవారికి అని ఉంది. ఫోర్ట్‌నైట్‌కు ఒకచోట 12, ఇంకొకచోట 13. ఈ తేడాలతో పెద్ద చిక్కేమీ లేదు. కానీ ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 అనే ఫుట్‌బాల్ గేమ్‌కు ఐరోపాలోని చాలా దేశాల్లో 3 అనీ, అదే ఖండంలోని జర్మనీలో 12 అనీ చూశాక మాత్రం ఏమీ అర్థం కాలేదు. రెండు జట్లు బంతి కోసం పరుగెత్తే ఆటలో, మూడేళ్ల పిల్లలకు సరిపడేదీ పదకొండేళ్ల పిల్లలకు సరిపడనిదీ ఏముంటుంది?

ఈ రంగం గురించి తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను. రేటింగ్ ఇచ్చేవారు గేమ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఆడి చూస్తారా, లేక తయారుచేసినవారి మాట మీదే ఆధారపడతారా? ఈ అంకెలకు చట్టబలం ఉందా, లేక ఇవి సలహాలు మాత్రమేనా? తల్లిదండ్రులుగా మేము అంకెను చూడాలా, దాని పక్కన ఉండే చిన్న బొమ్మలనూ మాటలనూ చూడాలా? ఫలానా గేమ్ మంచిదా కాదా అని నేను అడగడం లేదు. ఆ నిర్ణయం మేమే తీసుకోగలిగేలా ఈ పద్ధతి అర్థమైతే చాలు.

జవాబు – వెన్నెలబాట

నీలిమేఘం గారూ, నేను గేమ్‌లు తయారుచేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. రేటింగ్ కోసం దరఖాస్తులు నింపడం నా బాధ్యతల్లో ఒకటి కాబట్టి, మీ మొదటి ప్రశ్నకు లోపలి వైపు నుంచి జవాబు చెప్పగలను.

ఆడి చూస్తారా అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. అమెరికాలో రేటింగ్ ఇచ్చే సంస్థ ఈఎస్‌ఆర్‌బీ. పెట్టెలో అమ్మే గేమ్ అయితే, ప్రచురణ సంస్థ ఒక పెద్ద ప్రశ్నావళి నింపి, గేమ్‌లోని అత్యంత తీవ్రమైన దృశ్యాలన్నీ కనిపించేలా ఒక వీడియో తయారుచేసి పంపాలి. శిక్షణ పొందిన పరిశీలకులు కనీసం ముగ్గురు ఆ వీడియో చూసి వయసును సిఫారసు చేస్తారు. అంటే విడుదలకు ముందు వారు చూసేది గేమ్‌ను కాదు, గేమ్ నుంచి ఏరి పంపిన భాగాలను. విడుదలయ్యాక కొన్ని గేమ్‌లను ఆ సంస్థే తెప్పించుకుని ఆడించి, వీడియోలో చూపించనిది ఏమైనా ఉందేమో సరిచూస్తుంది. దాచినట్లు తేలితే పది లక్షల డాలర్ల వరకు జరిమానా విధించే అధికారం దానికి ఉంది.

ఐరోపాలో ఎక్కువ దేశాలు వాడే పెగి పద్ధతిలో, ప్రచురణ సంస్థ ఇచ్చిన జవాబులను బట్టి ముందు ఒక తాత్కాలిక వయసు వస్తుంది. తర్వాత నిర్వాహక సంస్థలు గేమ్‌ను పరిశీలించి దానిని ఖాయం చేయడమో మార్చడమో చేస్తాయి. 3, 7 రేటింగ్‌లను నెదర్లాండ్స్‌లోని నికామ్, 12, 16, 18 రేటింగ్‌లను బ్రిటన్‌లోని వీడియో స్టాండర్డ్స్ కౌన్సిల్ చూసుకుంటాయి. జర్మనీలోని యూఎస్‌కే ఇంకా కట్టుదిట్టమైనది. అక్కడ పరీక్షకులు గేమ్‌ను పూర్తిగా ఆడి, అందులో ఏముందో నిపుణుల సంఘం ముందు ప్రదర్శిస్తారు. ఆ సంఘంలో ప్రభుత్వ ప్రతినిధి కూడా ఉంటారు. మీరు ఊహించుకున్న పద్ధతికి అన్నింటికంటే దగ్గరగా ఉన్నది ఇదే.

ఇవన్నీ దుకాణంలో పెట్టెగా అమ్ముడయ్యే గేమ్‌ల సంగతి. ఆన్‌లైన్ స్టోర్లలోకి వచ్చిపడే గేమ్‌లను ఏ సంఘమూ కూర్చుని చూడలేదు, అవి అన్ని ఉంటాయి. అందుకే 2013లో వివిధ దేశాల రేటింగ్ సంస్థలు కలిసి ఐఏఆర్‌సీ అనే ఉమ్మడి వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నాయి. గూగుల్ ప్లే, నింటెండో, మైక్రోసాఫ్ట్, ప్లేస్టేషన్ స్టోర్లు దీనినే వాడుతున్నాయి. తయారీదారు ఒకే ప్రశ్నావళి నింపుతాడు, రుసుమేమీ ఉండదు, నింపిన వెంటనే అమెరికాకు ఒకటి, ఐరోపాకు ఒకటి, జర్మనీకి ఒకటి, ఆస్ట్రేలియాకు ఒకటి, దక్షిణ కొరియాకు ఒకటి, బ్రెజిల్‌కు ఒకటి చొప్పున రేటింగ్‌లు వచ్చేస్తాయి. సొంత సంస్థ లేని దేశాలకు 3, 7, 12, 16, 18 అనే సాధారణ అంకెలు వర్తిస్తాయి. ఇక్కడ మనుషులు చేసే తనిఖీ ప్రధానంగా తర్వాతి దశలోనే. ఆపిల్ మాత్రం ఈ వ్యవస్థలో లేదు. దాని యాప్ స్టోర్‌కు సొంత లెక్క ఉంది. ఆ లెక్కను 2025లో మార్చి 4, 9, 13, 16, 18గా చేశారు.

జవాబులు అంకెలుగా ఎలా మారతాయో మా సొంత అనుభవం చెబితే మీకు స్పష్టంగా తెలుస్తుంది. మా సాహస గేమ్ ఒకదానిలో కథానాయిక రాతి బొమ్మలతో పోరాడుతుంది. దెబ్బ తగిలితే బొమ్మ ముక్కలై మాయమవుతుంది. దానికి పెగి 7 వచ్చింది. తర్వాత కథ కోసం ఒక దారిదోపిడీ ముఠాను చేర్చాం. రక్తం లేదు, కేకలు లేవు, దెబ్బ తగిలిన దొంగ కింద కూలి పొగలా కరిగిపోతాడు. అయినా పెగి 12కు పెరిగింది. హింస కల్పిత జీవుల మీద జరిగిందా, మనిషి రూపం ఉన్న పాత్రల మీద జరిగిందా అన్నది పెగి నిబంధనల్లో కీలకమైన గీత. అది వాస్తవంగా కనిపించే హింస అయితే 16. నిస్సహాయుల మీద జరిగినా, కారణం లేని హత్యగా ఉన్నా, మరీ క్రూరంగా ఉన్నా 18. అదే మార్పుకు మా అమెరికా రేటింగ్ అంగుళం కదలలేదు.

దేశానికీ దేశానికీ తేడా వచ్చేది ఇక్కడే. గేమ్ ఒకటే, జవాబులు ఒకటే, కానీ దేనికి ఎంత బరువు ఇవ్వాలన్నది ఆ సమాజం నిర్ణయించుకున్నది. నగ్నత్వం, బూతు మాటల విషయంలో అమెరికా రేటింగ్‌లు కఠినంగా ఉంటాయి. జర్మనీ వారు హింసను ఎక్కువగా పట్టించుకుంటారు. నాజీ చిహ్నాలున్న గేమ్‌లను 2018 దాకా అక్కడ రేటింగ్‌కే స్వీకరించేవారు కాదు. ఆ ఏడాది నుంచి సందర్భాన్ని బట్టి ఒక్కో గేమ్‌ను విడిగా పరిశీలిస్తున్నారు. కాబట్టి రెండు అంకెలు వేరుగా ఉన్నాయంటే, వాటిలో ఒకటి తప్పని అర్థం కాదు.

జవాబు – పాతపుటలు

చట్టబలం గురించి అడిగారు కాబట్టి, కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ వ్యవస్థలు ఇలా ఉండడానికి కారణాలు అవి పుట్టిన సందర్భాల్లోనే ఉన్నాయి.

1993 డిసెంబరులో అమెరికా సెనేట్‌లో జో లీబర్‌మన్, హెర్బ్ కోల్ ఆధ్వర్యంలో వీడియో గేమ్‌లలోని హింస మీద విచారణ జరిగింది. మోర్టల్ కాంబాట్, నైట్ ట్రాప్ అనే గేమ్‌లు ఆ చర్చకు కేంద్రమయ్యాయి. అప్పటికే సెగా సంస్థ తన గేమ్‌లకు సొంతంగా రేటింగ్ ఇచ్చుకుంటోంది కానీ పరిశ్రమ మొత్తానికి ఉమ్మడి పద్ధతి లేదు. మీరే ఒక పద్ధతి పెట్టుకుంటారా, ప్రభుత్వాన్ని పెట్టమంటారా అని సెనేటర్లు గట్టిగా అడగడంతో, 1994లో పరిశ్రమే ఈఎస్‌ఆర్‌బీని స్థాపించింది. అందువల్ల అమెరికాలో ఈ రేటింగ్ ఈనాటికీ స్వచ్ఛందమే. హింసాత్మక గేమ్‌లను మైనర్లకు అమ్మడాన్ని నిషేధిస్తూ కాలిఫోర్నియా 2005లో తెచ్చిన చట్టాన్ని, అది భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో 7–2 తేడాతో కొట్టివేసింది.

అయితే స్వచ్ఛందం అన్న మాట విని అది నామమాత్రమే అనుకోకూడదు. రేటింగ్ లేని గేమ్‌ను కన్సోల్ తయారీ సంస్థలు తమ యంత్రాల మీదికి రానివ్వవు. పెద్దలకు మాత్రమే అనే అత్యున్నత రేటింగ్ వచ్చిందంటే సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్ మూడూ తలుపులు మూసేస్తాయి, పెద్ద దుకాణాలు దాన్ని అరల్లో పెట్టవు. చట్టం చేయని పనిని మార్కెట్ చేస్తోందన్నమాట.

మిగతా దేశాల్లో పరిస్థితి వేరు. జర్మనీలో 2003 నుంచి యూఎస్‌కే గుర్తులకు చట్టబలం ఉంది. 16 అని రాసి ఉన్న పెట్టెను పద్నాలుగేళ్ల పిల్లవాడికి అమ్మడం చట్టవిరుద్ధం. పెగి 2003లో మొదలైంది. అది ఏ దేశంలో సలహా, ఏ దేశంలో శాసనం అన్నది ఆ దేశపు చట్టాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో 2012 జులై నుంచి పెగి 12, 16, 18 గేమ్‌లను అంతకంటే చిన్నవారికి దుకాణాల్లో అమ్మడం చట్టవిరుద్ధం. జపాన్‌లో సెరో అనే సంస్థ 2002 నుంచి ఈ పని చేస్తోంది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ వర్గీకరణ బోర్డే చూసుకుంటుంది. అక్కడ 2013 జనవరి వరకు గేమ్‌లకు 18 ఏళ్ల వర్గమే లేదు. పదిహేనేళ్ల హద్దు దాటిన గేమ్‌కు వర్గీకరణ నిరాకరించేవారు, అంటే దేశంలో అమ్మడానికి వీలుండేది కాదు. పెద్దలు ఆడే గేమ్‌లను పెద్దలకే అమ్ముకోనివ్వని ఆ ఏర్పాటు సరికాదని నా అభిప్రాయం. దాని వల్ల కొన్ని గేమ్‌లు అక్కడక్కడ కత్తిరింపులు చేసుకుని పదిహేనేళ్ల వర్గంలోకి దిగిపోయేవి. పిల్లలకు దానివల్ల మేలు జరిగిందని ఎలా అనగలం?

తయారీదారు మాట మీద ఎంతవరకు ఆధారపడవచ్చు అన్న మీ అనుమానానికి 2005 నాటి ఉదంతం సూటిగా జవాబిస్తుంది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్ గేమ్‌లో ఒక లైంగిక సన్నివేశాన్ని తయారుచేసి, తర్వాత వద్దనుకుని, పూర్తిగా తీసివేయకుండా ఆటగాడికి అందకుండా మూసి మాత్రమే ఉంచారు. మామూలుగా ఆడేవారికి అది ఎన్నటికీ కనిపించదు. కానీ ఆ ఫైళ్లు డిస్కులోనే ఉన్నాయి. బయటి వ్యక్తి ఒకరు చిన్న ప్రోగ్రాముతో దాన్ని తెరిచి లోకానికి చూపించగానే, జులైలో ఈఎస్‌ఆర్‌బీ ఆ గేమ్ రేటింగ్‌ను 17 నుంచి పెద్దలకు మాత్రమే అనే వర్గానికి మార్చింది. దుకాణాలు పెట్టెలను అరల్లోంచి తీసేశాయి. ఆ భాగాన్ని తొలగించిన కొత్త ప్రతి వచ్చాకే పాత రేటింగ్ తిరిగి దక్కింది. అప్పటి నుంచి, ఆటగాడికి కనిపించినా కనిపించకపోయినా డిస్కులో ఉన్న ప్రతిదీ వెల్లడించాలన్న నియమం వచ్చింది. మరుసటి ఏడాది ఆబ్లివియన్ అనే గేమ్ కూడా విడుదలయ్యాక 13 నుంచి 17కు పెరిగింది. వ్యవస్థ మోసపోదని చెప్పలేం కానీ, మోసం బయటపడితే దాని ఖరీదు చాలా ఎక్కువ.

నీలిమేఘం

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆడి చూసే పద్ధతీ, చట్టం సంగతీ ఇప్పుడు బాగా అర్థమయ్యాయి. ఫుట్‌బాల్ గేమ్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అందులో హింస లేదు, బూతు లేదు, భయపెట్టేదీ లేదు. మరి జర్మనీ వారికి 12 ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు – గడియారం

దానికి కారణం మైదానంలో లేదు, గేమ్ లోపలి అంగడిలో ఉంది. నేను చాలాకాలంగా పట్టించుకుంటున్న విషయం ఇది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఈ గేమ్‌లో సొంత జట్టును తయారుచేసుకునే విభాగం ఒకటి ఉంది. అందులో ఆటగాళ్లు కార్డుల రూపంలో, మూసి ఉన్న ప్యాకెట్లలో దొరుకుతారు. ప్యాకెట్‌ను గేమ్‌లో సంపాదించిన నాణేలతో కొనవచ్చు, లేదా అసలు డబ్బు పెట్టి కొనుక్కున్న పాయింట్లతో కొనవచ్చు. తెరిచేదాకా లోపల ఎవరున్నారో తెలియదు. మేటి ఆటగాడు తగిలే అవకాశం చాలా తక్కువ. ప్యాకెట్ తెరుచుకునేటప్పుడు వెలుగులు, బాణసంచా, ఒక్కొక్క వివరంగా ఆటగాడి పేరు బయటపడడం, ఇదంతా పెద్ద వేడుకలా ఉంటుంది. కొన్ని ప్యాకెట్లు ఫలానా గంటల వరకే దొరుకుతాయని గడియారం తిరుగుతూ కనిపిస్తుంది. ఇలాంటి ఏర్పాట్లనే లూట్ బాక్సులు అంటారు.

జర్మనీ 2021లో తన యువజన రక్షణ చట్టాన్ని సవరించింది. తెర మీద ఏం కనిపిస్తుందన్నది మాత్రమే కాక, పిల్లవాడి చేత ఏం చేయిస్తుందన్నది కూడా రేటింగ్‌లో లెక్కకు రావచ్చని ఆ సవరణ చెప్పింది. దానికి అనుగుణంగా 2023 నుంచి యూఎస్‌కే గేమ్‌లోని కొనుగోళ్లు, అపరిచితులతో సంభాషణలు, ఆటగాడి మీద పెట్టే ఒత్తిడి వంటివి పరిశీలిస్తోంది. అంతకు ముందు ఏడాది ఫుట్‌బాల్ గేమ్‌కు అక్కడ ఏ వయసు పరిమితీ లేదు. కొత్త పద్ధతి వచ్చాక ఎఫ్‌సీ 24కు 12 వచ్చింది. గేమ్‌లోని కొనుగోళ్లు, యాదృచ్ఛికంగా వచ్చే వస్తువులు, చర్యకు పురిగొల్పే ఒత్తిడి అని కారణాలు కూడా పెట్టె మీద రాశారు. ఆ గేమ్ విడుదలైన నాటి పెగి నిబంధనల్లోనూ, అమెరికాలోనూ ఇవే సంగతులు గుర్తులుగా, మాటలుగా కనిపించేవే తప్ప వయసు అంకెను పెంచేవి కావు. గేమ్‌లో కొనుగోళ్లు ఉన్నాయన్న హెచ్చరికను రెండు సంస్థలూ 2018లో తెచ్చాయి. ఆ కొనుగోళ్లలో ఏం వస్తుందో తెలియని వస్తువులు కూడా ఉన్నాయని చెప్పే అదనపు మాటను 2020లో చేర్చాయి. అంటే మీరు చూసిన 3 పక్కనే ఆ హెచ్చరిక కూడా ఉంది. అంకె పెద్దది, అక్షరాలు చిన్నవి, అంతే.

నన్ను నిజంగా బాధపెట్టిన పోలిక మరొకటుంది. 2024లో బలాట్రో అనే పేకాట కార్డుల గేమ్ వచ్చింది. అందులో పోకర్ వరసల పేర్లు వాడతారు కానీ పందెం లేదు, అసలు డబ్బు పెట్టే చోటే లేదు. అమెరికాలో దానికి పదేళ్ల రేటింగ్ వచ్చింది. పెగి మాత్రం జూదపు మెలకువలు నేర్పుతోందన్న కారణంతో 18 ఇచ్చింది. అసలు డబ్బుతో మూసిన ప్యాకెట్లు కొనిపించే గేమ్‌కు 3 ఉన్న కాలంలోనే ఇది జరిగింది. అప్పీలు చేశాక 2025 ఫిబ్రవరిలో దాన్ని 12కు తగ్గించారు. జూదం బొమ్మను చూసి 18 వేసి, జూదం పోకడను చూసి 3 వేసే నియమాన్ని సమర్థించడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు.

కొన్ని దేశాలు ఈ దిశగా కదిలాయి. బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లోనే డబ్బుతో కొనే లూట్ బాక్సులు తమ చట్టం ప్రకారం జూదమేనని తేల్చింది. ఆస్ట్రేలియాలో 2024 సెప్టెంబరు 22 నుంచి, డబ్బు పెట్టి కొనే యాదృచ్ఛిక వస్తువులున్న కొత్త గేమ్‌లకు కనీసం పదిహేనేళ్లు పైబడినవారికి సిఫారసు చేసే ఎం వర్గం, జూదాన్ని అనుకరించే గేమ్‌లకు 18 ఏళ్ల వర్గం తప్పనిసరి అయ్యాయి. నీలిమేఘం గారూ, మీ పదేళ్ల అబ్బాయి విషయంలో నేనైతే ఫుట్‌బాల్ గేమ్‌కు జర్మనీ అంకెనే నమ్ముతాను. లేదా గేమ్ ఇచ్చి, ఖర్చు పరిమితిని సున్నా చేసి పెడతాను.

జవాబు – తూర్పుగాలి

వివరాలన్నీ బాగున్నాయి కానీ, మౌలికమైన అభ్యంతరాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. అమెరికాలో రేటింగ్ ఇచ్చేది పరిశ్రమ పెట్టుకున్న సంస్థ. దాని ఖర్చులు గడిచేది రేటింగ్ కోసం వచ్చే కంపెనీలు కట్టే రుసుములతో. ప్రశ్నావళి నింపేది కంపెనీ, వీడియో ఎంచి పంపేది కంపెనీ, ఎక్కువ మందికి అమ్ముకోవడానికి తక్కువ వయసు కావాలని కోరుకునేదీ కంపెనీయే. ఇందులో పిల్లల తరఫున నిలబడే పక్షం ఏది? ఆస్ట్రేలియాలో మాదిరిగా ప్రభుత్వ బోర్డు ఉండాలి, లేదా కనీసం జర్మనీలో మాదిరిగా సంఘంలో ప్రభుత్వ ప్రతినిధి కూర్చోవాలి. లూట్ బాక్సులను బట్టి వయసు రేటింగ్ పెంచడంలో ముందు కదిలినది ఈ రెండు దేశాలే అన్నది యాదృచ్ఛికం కాదని నేను నమ్ముతున్నాను.

జవాబు – వెన్నెలబాట

తూర్పుగాలి గారి చివరి వాక్యంతో నేను ఏకీభవిస్తాను. పరిశ్రమ ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో, అక్కడ పరిశ్రమ పెట్టుకున్న వ్యవస్థలు నెమ్మదిగా కదిలాయి. అది కాదనలేని సంగతి.

హింస, లైంగిక దృశ్యాలు, మత్తు పదార్థాల వంటి విషయాల్లో మాత్రం ఆ విమర్శ అంతగా నిలబడదు. రేటింగ్ మీద జనానికి నమ్మకం పోతే ప్రభుత్వం చట్టం తెస్తుందన్న భయం 1993 నుంచీ పరిశ్రమకు ఉంది. ఆ భయం వల్లే దుకాణాల్లో అమలు కూడా గట్టిపడింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మైనర్లను కొనుగోలుదారులుగా దుకాణాలకు పంపి పరీక్షించేది. 2000లో అలా వెళ్లినవారిలో 85 శాతం మంది 17 రేటింగ్ ఉన్న గేమ్‌లు కొనగలిగారు; 2013లో వెలువడిన ఫలితాల్లో అది 13 శాతానికి తగ్గింది. సినిమా టికెట్ల విషయంలో కూడా అంత తగ్గుదల రాలేదు. ఇక ప్రభుత్వ బోర్డులు ఎప్పుడూ మేలు చేస్తాయనడానికీ లేదు. ఆస్ట్రేలియాలో 2013 దాకా ఏం జరిగిందో పాతపుటలు గారు పైన రాశారు.

ఆన్‌లైన్ ప్రశ్నావళిలో తప్పు జవాబిచ్చి తప్పించుకోవడం గురించి కూడా ఒక మాట. సాధ్యమే, కానీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే రేటింగ్ మారుతుంది, స్టోర్ నుంచి గేమ్‌ను తీసేయవచ్చు కూడా. పెద్ద సంస్థలు ఆ ప్రమాదం కొనితెచ్చుకోవు. ఎక్కువ జాగ్రత్త కావలసింది, పేరు తెలియని చిన్న మొబైల్ గేమ్‌ల విషయంలో. వాటికి ఇచ్చిన అంకె తయారీదారు సొంత జవాబుల మీద తప్ప మరి దేని మీదా ఆధారపడకపోవచ్చు.

జవాబు – తెల్లకాగితం

నేను పాఠశాలలో పనిచేస్తాను. తల్లిదండ్రులు ఇదే ప్రశ్న అడిగినప్పుడు చెప్పేదే ఇక్కడా రాస్తున్నాను.

అంకె దేని గురించి చెబుతుందో, దేని గురించి చెప్పదో విడదీసి చూడండి. అది గేమ్‌లోని విషయం గురించి చెబుతుంది. కష్టం గురించి చెప్పదు. చదరంగం గేమ్‌కు 3 ఉంటుంది, మూడేళ్ల పిల్లలు ఆడగలరని కాదు, వారికి హాని చేసేది అందులో లేదని. అలాగే అది ఆన్‌లైన్‌లో ఎదురయ్యే మనుషుల గురించి చెప్పదు. ఆన్‌లైన్ సంభాషణలు రేటింగ్ పరిధిలోకి రావని ఈఎస్‌ఆర్‌బీ స్పష్టంగా రాస్తుంది, ఆటగాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలరని వేరే గుర్తు ఇస్తుంది. ఫోర్ట్‌నైట్‌కు 12 ఇచ్చినప్పుడు చూసినది బొమ్మల మధ్య తుపాకుల పోరు. హెడ్‌ఫోన్లో పెద్దవాళ్లు ఎవరో పిల్లవాడితో ఏం మాట్లాడతారన్నది కాదు. నా దృష్టిలో పదేళ్ల పిల్లల విషయంలో మొదటిదానికంటే రెండోదే ముఖ్యం.

కాబట్టి అంకెతో మొదలుపెట్టి, అక్కడితో ఆగకండి. పెగి గుర్తు పక్కన హింస, భయం, బూతు, జూదం, కొనుగోళ్లు వంటివాటికి చిన్న బొమ్మలుంటాయి. ఈఎస్‌ఆర్‌బీ అయితే మాటల్లో, ఇంకా సూక్ష్మంగా చెబుతుంది. కార్టూన్ హింస, కల్పిత హింస, రక్తం, మితిమీరిన రక్తపాతం అన్నవి అక్కడ వేర్వేరు హెచ్చరికలు. దాని వెబ్‌సైట్‌లో గేమ్ పేరు వెతికితే, ఏ దృశ్యం వల్ల ఆ రేటింగ్ వచ్చిందో చెప్పే పేరా చాలా గేమ్‌లకు దొరుకుతుంది. దాన్ని చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. మీ అబ్బాయికి సాలెపురుగులంటే భయమా, చావు గురించిన కథలకు నిద్రపట్టదా అన్నది ఏ సంఘానికీ తెలియదు, మీకు తెలుసు. ఆ పేరాను మీ అబ్బాయిని దృష్టిలో పెట్టుకుని చదవండి.

కన్సోల్‌లో మీ అబ్బాయికి వేరే ఖాతా తెరిచి, వయసు పరిమితి పెట్టండి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ మూడింటిలోనూ వయసు పరిమితి పెట్టే సదుపాయం ఉంది. మొదటి రెండింటిలో పరిమితి దాటిన గేమ్ ఆ ఖాతాలో తెరుచుకోదు, స్విచ్‌లో మాత్రం ఆ పరిమితి యంత్రం మొత్తానికి వర్తిస్తుంది. సంభాషణలకూ ఖర్చుకూ ఉండే అమరికలు వేరుగా ఉంటాయి. వయసు పరిమితి పెట్టినంత మాత్రాన అవి మీకు కావలసినట్లు మారిపోయాయని అనుకోవద్దు, ఒక్కొక్కటి తెరిచి చూడండి.

నీలిమేఘం

తెల్లకాగితం గారూ, ఖాతా అమరికల సంగతి చాలా ఉపయోగపడింది. ఈ రోజే సరిచూస్తాను. గడియారం గారు చెప్పినట్లే ఫుట్‌బాల్ గేమ్‌కు ఖర్చు పరిమితి సున్నా చేసి ఇవ్వాలని మేమిద్దరం నిర్ణయించుకున్నాం. చివరిగా ఒక్కటి అడుగుతాను. గేమ్ కొన్నాక అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి కదా. కొన్న రోజున చూసిన రేటింగ్ ఏడాది తర్వాత కూడా చెల్లుతుందా?

జవాబు – వెన్నెలబాట

చెల్లేలా చూసుకోవలసిన బాధ్యత తయారీదారుది. కొత్తగా చేర్చిన భాగం పాత రేటింగ్ హద్దుల్లోనే ఉంటే మళ్లీ దరఖాస్తు అక్కరలేదు. హద్దు దాటితే మాత్రం పెట్టెలో వచ్చిన గేమ్ అయినా, డౌన్‌లోడ్ చేసుకున్నదైనా కొత్త భాగాన్ని రేటింగ్ కోసం సమర్పించాలి. ఐఏఆర్‌సీ పద్ధతిలో ప్రశ్నావళిని మళ్లీ నింపాలి. మా దోపిడీ ముఠా చేరినప్పుడు మేము చేసినది అదే. స్టోర్ పేజీలో అప్పటికి వర్తించే రేటింగే కనిపిస్తుంది కాబట్టి, పెద్ద అప్‌డేట్ వచ్చిందని తెలిసినప్పుడు ఆ పేజీని మరోసారి తెరిచి చూడండి. పెట్టె మీద ముద్రించిన అంకె మాత్రం ముద్రించిన నాటిది.

రేటింగ్ వెంట రాలేనివి రెండున్నాయి. ఆటగాళ్లే కొత్త లోకాలు, కొత్త ఆటలు నిర్మించి పంచుకునే గేమ్‌లలో, రేపు ఎవరు ఏం తయారుచేస్తారో రేటింగ్ ఇచ్చినవారికి ముందే తెలియదు. అందుకే అలాంటి కొన్నింటికి పెగి అంకెకు బదులు తల్లిదండ్రుల పర్యవేక్షణ అవసరమని చెప్పే ఆశ్చర్యార్థకం గుర్తు ఇస్తుంది. రెండోది, బయటివారు తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టే మార్పులు, అంటే మాడ్స్. కంప్యూటర్‌లో ఆడే పిల్లలు వీటిని సులువుగా దించుకోగలరు, వాటికి ఏ రేటింగూ ఉండదు. మైన్‌క్రాఫ్ట్‌కు ఈ రెండూ వర్తిస్తాయి కాబట్టి, అబ్బాయి ఏ సర్వర్‌లో ఆడుతున్నాడో, ఏ మాడ్ వేసుకున్నాడో అడిగి తెలుసుకోండి.